టీ చల్లారే దాకా

(ఆడపిల్లల హాస్టల్ గోడ పక్కనే కాలేజీ స్టాఫ్ క్వార్టర్స్. అందులో మేడ మీద ఒకే ఒక్క గది. సాయంత్రం. కాలేజీలో మైకులూ స్పీకర్లూ చూసుకునే కుర్రాడు, అదే కాలేజీలో ఎమ్మే చదువుతున్న అతని కొత్త పెళ్లాం. నేలంతా కోసిన అట్టపెట్టెలు, నల్లరంగు డబ్బా.)

“ఔట్!”

“ఔటా? నేనేం మాట్లాడలేదే!”

“ఇప్పుడు మాట్లాడుతున్నావుగా.”

“ఇది ఔటయ్యాక. ఔటయ్యాక మాట్లాడొచ్చు.”

“అంతకు ముందు ‘హుఁ’ అన్నావు.”

“హుఁ అనేది మాట కాదు. ఊపిరి.”

“ఆ సంగతి ప్రిన్సిపాల్‌గారికి చెప్పుకో. ఆయనేమన్నారు? మళ్లీ ఒకసారి చెప్పు.”

“‘గేటు పక్కన గంటసేపు నిలబడండి, అట్టలు పట్టుకోండి, అంతే. ఒక్కరు నోరు విప్పినా, ఎవరితో మాటామాటా పెరిగినా, అక్కడికక్కడే అనుమతి రద్దు. మళ్లీ నా గది గుమ్మం తొక్కొద్దు.’”

“మీ వాళ్లేమన్నారు?”

“మా వాళ్లా... ఆ ముచ్చట ఇప్పుడెందుకులే.”

“చెప్పాలి.”

“‘రేడియో, అనుమతి తెచ్చింది నువ్వే, క్లాసు క్లాసుకీ తిరిగి మమ్మల్నందర్నీ పోగు చేసిందీ నువ్వే, కాదనం. కానీ రేపు నువ్వు మాత్రం దయచేసి ఇంట్లో ఉండిపో’ అన్నారు.”

“హహ్హహ్హా!”

“నవ్వకు! రేపు నేను లేకుండా నిలబడతారట. నా అట్ట ఇంకెవరో పట్టుకుంటారట. నాకు ఏడుపొచ్చింది తెలుసా? అందుకే మాటిచ్చి వచ్చా. ఈ సాయంత్రం నువ్వు నన్ను ఎంత రెచ్చగొట్టినా ఒక్కసారైనా నోరు విప్పకుండా ఉంటే రేపు ముందు వరసలో నేను. ఉండలేకపోతే ఇంట్లో నేను. నువ్వే సాక్షివి. నువ్వు అబద్ధం చెప్పవని వాళ్లందరికీ నమ్మకం, అదేంటో.”

“మొహం చూసి నమ్ముతారోయ్. సరే, టీ మళ్లీ వేడిచెయ్యి.”

“మళ్లీనా? మూడుసార్లు మరిగింది. తారులా ఉంటుంది.”

“నిబంధన నిబంధనే. పొగలు కక్కే టీ గ్లాసు ముందు పెట్టుకుని నిలబడాలి. అది చల్లారే దాకా నోరు మెదపకూడదు. నువ్వు పెట్టిందే ఈ నిబంధన.”

“చలికాలం కదా, గబుక్కున చల్లారుతుందనుకున్నా. అవునూ, నీ చొక్కాకి ఆ పురుగేంటి? ఎర్రగా మెరుస్తోంది?”

“పురుగు కాదు, కాలరు మైకు. నిలబడక ముందు ఒక మాటా, అంతా అయ్యాక ఒక మాటా మైకులో చెప్పుకోవచ్చన్నారుగా ప్రిన్సిపాల్‌గారు? బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూద్దామని పెట్టుకుని తిరుగుతున్నా. ఆ ఎర్రలైటు ఆరిపోతే బ్యాటరీ అయిపోయినట్టు.”

“మనం మాట్లాడేది ఎక్కడైనా వినపడుతుందా ఏంటి?”

“ఎక్కడ వినపడుతుంది? దీని స్పీకరు పెట్టె గోడవతల హాస్టల్ మెస్‌లో ఉంది. మొన్న ఫంక్షన్‌కి పెట్టాం కదా, అది. మెయిన్ స్విచ్చి నేనే స్వయంగా ఆపేసి వచ్చా.”

“అయితే సరే. ఇదిగో టీ. పొగలు చూడు, రైలింజన్‌లా. ఉండు, అట్ట పట్టుకోనీ... ఆఁ. కానీ.”

“ఇప్పుడు నేను దారిన పోయే పెద్దమనిషిని. ‘ఏమ్మా, ఎందుకిలా ఎండలో నిలబడ్డారు? చదువుకోకుండా?’ ... బాగుంది. ‘ఏం రాశారిక్కడ? “కడుపులో ఉన్నదీ ప్రాణమే. అబార్షన్ వద్దు. తల్లీ, మీ వెంట మేముంటాం.” ఓహో. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయే?’ ... పెదవి కొరకొద్దు. ‘మరి అట్ట వెనకేంటమ్మా, “జాగ్రత్త, పగిలే వస్తువు, పైకి ఈ వైపు” అని?’”

“అది పెళ్లికొచ్చిన మిక్సీ పెట్టెండీ! మా పెద్దమ్మ—”

“ఔట్!”

“అయ్యో!”

“పెద్దమ్మ దాకా వెళ్లిపోయావు. పెద్దమనిషి ఒక్క మాటంటే వంశవృక్షం చెప్పబోయావు.”

“అవతల ఏంటా నవ్వులు?”

“మెస్‌లో. ఏదో సినిమా పెట్టుకున్నట్టున్నారు.”

“హాయిగా ఉన్నారు. నా బతుకు చూడు, మాట్లాడకుండా ఉండటం నేర్చుకుంటున్నా. ఏడో నెలకే పుట్టిన దాన్ని. చెప్పుల పెట్టెలో దూది పరిచి పడుకోబెట్టారట నన్ను. అందులో కూడా ఇంకా ఖాళీ మిగిలిందట.”

“ఆ ఖాళీ అంతా మాటలతో నింపేశావు.”

“ఎగతాళి కాదు. ‘ఇది బతకదు, ఎందుకు ఆశ పెట్టుకుంటారు’ అన్నారట అందరూ. మా అమ్మొక్కతే పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. ఆ కథ చిన్నప్పట్నుంచి విని విని... ఇంత పిసరంత ప్రాణం కూడా ప్రాణమే అనిపిస్తుంది నాకు. అందుకే నిలబడతానంటున్నా. అంతకంటే పెద్ద పెద్ద మాటలు నాకు రావు.”

“వస్తాయి. మరీ ఎక్కువొస్తాయి. అదే సమస్య.”

“ఛీ. అవునూ, ఇంతకీ నీది ఏ పక్షం? పెళ్లికి ముందు అడగలేదు. ఇష్టమైన రంగేంటి, నిద్రలో గురక పెడతావా, ఇవన్నీ అడిగాను గానీ ఇది అడగలేదు.”

“గురక గురించి నేను అబద్ధం చెప్పాను.”

“తెలిసింది. మొదటి రాత్రే. మాట మార్చకు.”

“నాది మైకు పక్షం. ఎవరు మాట్లాడినా చివరి వరస దాకా వినపడాలి, అంతే నా పని.”

“అందుకేగా పోయిన వారం మాకు ఎదురు మాట్లాడే ఆ లాయరమ్మ మీటింగుకి కూడా నువ్వే మైకు పెట్టావు!”

“పెట్టాను. బాగా మాట్లాడింది.”

“బాగా మాట్లాడిందా?”

“స్పష్టంగా మాట్లాడింది అన్నానోయ్. మైకుకి ఎంత దూరంలో నిలబడాలో తెలిసిన మనిషి.”

“లా చదువుతోంది కాబట్టి తెలుస్తుంది. ఇస్త్రీ నలగని ఆ తెల్లచొక్కా వేసుకుని, కనుబొమ్మ ఒకటే పైకెత్తి... రేపు సరిగ్గా నా ఎదురుగా వచ్చి నిలబడతానని క్యాంటీన్‌లో అందరి ముందూ చెప్పింది. ‘మీ రేడియో చేత నోరు తెరిపించకపోతే నేను లా మానేస్తా’ అందట. అసలు నా భయమంతా ఆవిడే. పెద్దమనుషులూ, ఆకతాయిలూ ఎవరొచ్చినా తట్టుకుంటా. ఆవిడ ఆ కనుబొమ్మ ఎత్తిందంటే చాలు, నా నాలుక దానంతటదే లేస్తుంది.”

“అయితే లాయరమ్మనే దించుదాం. టీ!”

“ఇదిగో. గ్లాసు కాలుతోంది. నువ్వు ఆవిడలా చెయ్యగలవా?”

“చున్నీ ఇటివ్వు. ఎలా ఉన్నా?”

“అచ్చం మా అత్తయ్యలా ఉన్నావు.”

“మా అమ్మనెందుకు లాగుతావు మధ్యలో! ఇక మొదలు. ‘ఎక్స్‌క్యూజ్ మీ, మేడమ్. ఎవరి కడుపు గురించి ఎవరు మాట్లాడుతున్నారిక్కడ?’ ... ‘మీకు ఆ అమ్మాయి తెలుసా? ఆవిడ ఇల్లు తెలుసా? ఆవిణ్ని అలా చేసినవాడెవడో తెలుసా?’ ... శభాష్. ముక్కుపుటాలు ఎగరెయ్యకు. ‘ఒక గంట నిలబడి, ఫొటోలు దిగి, ఇంటికెళ్లి హాయిగా పడుకుంటారు. ఆవిడ మాత్రం జీవితాంతం నిలబడాలి.’ ... ‘కొత్తగా పెళ్లయిందటగా? ఒళ్లంతా సంబరం. పక్కవాళ్ల కష్టం మీకేం తెలుస్తుంది?’”

“సంబరంగా ఉంటే తప్పా? నేను సంబరంగా ఉన్నాను కాబట్టే ఇంకొకళ్లు—”

“ఔట్.”

“అది అన్యాయం! ఆవిడ పెళ్లి గురించి ఎత్తదు!”

“ఎందుకెత్తదు? నేనైతే మొదట అదే ఎత్తుతా.”

“నువ్వు ఆవిడకంటే ఘోరంగా ఉన్నావు. ఆ సన్న గొంతొకటి. పిల్లి తోక తొక్కినట్టు.”

“ఆవిడ గొంతు అలాగే ఉంటుంది. స్పీకర్లో కీచుదనం తగ్గించాల్సొచ్చింది. మీ వార్డెన్‌గారి గొంతు మాత్రం దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆవిడ ‘టెస్టింగ్’ అంటే మెస్‌లో గిన్నెలు కదిలాయి.”

“హహ్హ! నడక కూడా అంతే కదా, నిండు బిందె మోసుకెళ్తున్నట్టు... అబ్బ, మళ్లీ నవ్వులు. ఏం సినిమా అది, ఇంత బాగుందా?”

“మనమూ చూద్దాంలే ఒకరోజు. టీ.”

“ఇదే ఆఖరుసారి. పాలు లేవిక.”

“ఆఖరుసారి అయితే తేడా రాకూడదు. నేను కనికరించను.”

“కనికరించొద్దు. నిజంగా ఆవిడ ఏమడుగుతుందో అదే అడుగు. ఇదిగో, గ్లాసు కిటికీలో పెడుతున్నా. అట్ట... పైకి ఈ వైపు. ఊఁ.”

“‘మేడమ్, మీ అట్ట మీద మూడు మాటలున్నాయి. మొదటిది మీ నమ్మకం. సరే, మీ ఇష్టం. రెండోది మీరు ఇంకొకరికి చెప్పే సలహా. అది నాకు నచ్చదు, దాని గురించి కోర్టులో కొట్టుకుందాం.’ ... ‘ఆ మూడోది చదవండి.’ ... ‘చదవరా? నేను చదువుతా. “తల్లీ, మీ వెంట మేముంటాం.” మేమంటే ఎవరు?’ ... ‘ఎక్కడుంటారు? ఏ వీధి? రాత్రిపూట ఒక అమ్మాయి చేతిలో సంచితో, ఇంట్లో చెప్పుకోలేక, హాస్టల్లో చెప్పుకోలేక వచ్చిందనుకోండి. ఏ తలుపు కొట్టాలి?’ ... ‘అట్టని కొట్టాలా?’ ... ‘మిక్సీ పెట్టెని కొట్టాలా, మేడమ్?’ ...”

“...”

“‘సరే, వస్తా.’ ... ఏమోయ్.”

“...”

“ఏమోయ్! అయిపోయింది. నెగ్గావు! చూడు, టీ చల్లారిపోయింది. మీగడ కూడా కట్టింది. రేపు ముందు వరసలో నువ్వే. ఎగిరి గంతెయ్యవేం?”

“నేను నెగ్గలేదు.”

“ఒక్క మాట మాట్లాడలేదుగా!”

“జవాబు ఉండి మాట్లాడకపోవడం వేరు. నా దగ్గర జవాబే లేదు. ఏ తలుపు కొట్టాలి? నిజమే కదా. ఏ తలుపు?”

“నేనేదో వేళాకోళానికి...”

“వేళాకోళం కాదు. ఆ మాట రాసింది నేను. ‘వద్దు’ అని రాస్తే సగమే అవుతుంది, పక్కన ‘మేముంటాం’ అని కూడా ఉండాలని పట్టుబట్టింది నేను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ అడగలేదు, ఎక్కడుంటాం అని. నాకే తట్టలేదు.”

“మెస్‌లో కూడా చప్పుడు లేదు. సినిమా అయిపోయినట్టుంది.”

“ఆ కుంచె ఇలా ఇవ్వు.”

“ఏం రాస్తావు?”

“మన అడ్రసు.”

“మన... ఈ గది అడ్రసా?”

“మనకి ఇంకో గది ఉందా?”

“ఒక్క నిమిషం, ఒక్క నిమిషం. ఇక్కడ ఉన్నది ఒక్క మంచం.”

“ఆ అమ్మాయి మంచం మీద పడుకుంటుంది. పక్కన చాప మీద నేను.”

“నేను?”

“స్పీకర్ పెట్టెల మధ్య. నీకు అలవాటేగా.”

“నిజంగా ఎవరైనా వస్తే?”

“రావాలనే కదా రాసేది.”

“పెళ్లయి గట్టిగా రెండు నెలలు కాలేదోయ్. పొద్దున్నే నువ్వు పాడుకుంటూ టీ పెడుతుంటే దుప్పట్లోంచి వినడం నాకు... అదొక్కటే నాకున్న విలాసం.”

“అప్పుడూ పాడతాలే. ఇద్దరు వింటారు.”

“సరే. రాయి. కానీ నేను ఇంకొకటి అడుగుతా. లాయరమ్మగా కాదు, నేనే.”

“అడుగు.”

“ఆ అమ్మాయి వచ్చింది. నువ్వు తలుపు తీశావు. కూర్చుంది. కూర్చుని, ‘అక్కా, నేను తీయించుకుందామనుకుంటున్నా’ అంది. అప్పుడు? తలుపు మూసేస్తావా?”

“మూయను.”

“తిడతావా?”

“నేనెందుకు తిడతాను!”

“తిట్టవు. మాట్లాడతావు. ఆగకుండా మాట్లాడతావు. చెప్పుల పెట్టె దగ్గర మొదలుపెట్టి తెల్లారేదాకా.”

“...నాకు ఏడుపొస్తుంది. అది మాత్రం ఆపుకోలేను. వద్దని చెప్పాలనీ ఉంటుంది, అదీ అబద్ధమాడను. కానీ ముందు ఆవిడేం చెబుతుందో వింటాను. మొత్తం వింటాను.”

“వినగలవా?”

“తెలీదు. ఇప్పటిదాకా ఎవరి మాటా మొత్తం విన్నట్టు గుర్తులేదు. నీ మాట కూడా.”

“అది మాత్రం నిజం.”

“అందుకే నేర్చుకుంటున్నాగా. పట్టుకో, తడి ఆరలేదు. ‘స్టాఫ్ క్వార్టర్స్, మేడ మీద గది. ఎప్పుడైనా తలుపు కొట్టండి.’ అక్షరాలు కోడి కెలికినట్టున్నాయా?”

“ఈసారి కుదురుగా ఉన్నాయి.”

“మా అమ్మ ఒళ్లో పెట్టె పెట్టుకుని కూర్చున్నప్పుడు పక్కనెవరున్నారో ఎప్పుడూ అడగలేదు చూడు. రేపు ఫోన్ చేసి... ఎవరో తలుపు కొడుతున్నారు.”

“అప్పుడేనా? రంగు కూడా ఆరలేదే!”

“జోకులు ఆపు. పాలమ్మాయేమో. చున్నీ తియ్యి ముందు! తియ్యి!”

“తీశా, తీశా. ఎవరండీ?”

“నేనండీ. హాస్టల్ నుంచి.”

“అమ్మో. ఏవండీ... ఆవిడే. లాయరమ్మ!”

“‘ఏవండీ’నా? అప్పుడే మర్యాద వచ్చేసింది.”

“ష్! రండి, లోపలికి రండి. కాస్త చూసుకుని, అక్కడ రంగు... కూర్చోండి. అది అత్తగారిచ్చిన దిండు, ఫరవాలేదు, కూర్చోండి. టీ ఇద్దామంటే పాలు లేవు, ఉన్న టీ ఏమో—”

“తారులా ఉంటుంది. తెలుసు.”

“మీకెలా తెలుసు?”

“అది చెప్పడానికే వచ్చాను. మీవారి చొక్కాకి ఉన్నదానికి ఇంకా ఎర్రలైటు వెలుగుతోందాండీ?”

“వెలుగుతోంది. బ్యాటరీ చాలా మంచి... ఉండండి. మెస్‌లో మెయిను నేను ఆపేశానే!”

“మీరు ఆపారు. సాయంత్రం వంటామె ఫోన్ ఛార్జింగు పెట్టుకుంటూ మళ్లీ వేసింది.”

“అయ్యయ్యో! తీసెయ్యండి! ముందు దాన్ని తీసెయ్యండి!”

“తీశా. ఆపేశా. ఆరిపోయింది.”

“అంటే... సినిమా?”

“మీరే.”

“మొదటి నుంచీనా?”

“మొదటి ‘ఔట్’ నుంచి. టీ గ్లాసులు పట్టుకుని అందరూ స్పీకర్ ముందు చేరారు. మీరు నోరు విప్పిన ప్రతిసారీ టేబుళ్లు వాయించాం.”

“గురక సంగతి?”

“విన్నాం.”

“దుప్పటి...?”

“విన్నాం. కొందరు కళ్లు తుడుచుకున్నారు కూడా.”

“నేను ఈ ఊరొదిలి వెళ్లిపోతా. ఏవండీ, పెట్టె సర్దండి. వార్డెన్‌గారు లేరు కదా అక్కడ? లేరని చెప్పండి.”

“ఆవిడే సౌండు పెంచమన్నారు.”

“నిండు బిందె...”

“అక్కడే పెంచమన్నారు. ఇంతకీ మైకు మాస్టారూ, నా గొంతు అలా ఉంటుందా? పిల్లి తోక తొక్కినట్టు?”

“అది తనందండీ. నేను స్పష్టంగా ఉంటుందన్నాను, అదీ మీరంతా వినే ఉంటారు!”

“నా పాత్ర మాత్రం నాకంటే బాగా వేశారు. ఆ తలుపు ప్రశ్న నాకే తట్టలేదు. పెళ్లి గురించి మాత్రం నేను ఎత్తేదాన్ని కాదు.”

“విన్నారా? నేను చెప్పలేదూ? ఎత్తదని చెప్పానా లేదా?”

“రేడియోగారూ, ఒక మాట స్పష్టంగా చెబుతున్నా. రేపు నేను రావడం ఖాయం. మీ ఎదురుగా నిలబడటం ఖాయం. మీ అట్ట మీద ఉన్న రెండో మాటని ఎప్పటికీ ఒప్పుకోను. అది ఆ అమ్మాయి నిర్ణయం, మీది కాదు, నాదీ కాదు.”

“ఒప్పుకోమని నేనడగలేదు. నేను మాత్రం ఆ మాట తుడిచెయ్యను.”

“తుడవొద్దు. కింద కొత్తగా రాసింది చూడనిస్తారా? ... ‘ఎప్పుడైనా తలుపు కొట్టండి.’ ఊఁ. తడిగా ఉంది.”

“కనుబొమ్మ ఎత్తకండి. మీరు ఎత్తితే నేను మాట్లాడేస్తా.”

“ఎత్తడం లేదు. నిజంగా తీస్తారా, ఎవరొచ్చినా?”

“మీకే తీశానుగా!”

“హహ్హ. అదీ నిజమే. నిజానికి మైకు సంగతి చెప్పడానికి అందరం కలిసి వద్దామనుకున్నాం, అల్లరి చెయ్యడానికి. మీరు ఈ అడ్రసు రాస్తున్నప్పుడు మెస్‌లో ఒకమ్మాయి తింటున్న కంచం వదిలేసి లేచింది. గదికెళ్లి సంచి తెచ్చుకుంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. ఒక్కదాన్నే వెళ్లలేను, నువ్వొస్తే వెళ్తా అంది నాతో.”

“...ఎక్కడుంది?”

“మీ మెట్ల మీద కూర్చుంది. ఉంచుకుంటుందో తీయించుకుంటుందో తనకే ఇంకా తెలీదు. మీరు ఒకటి చెబుతారని భయం, నేను ఇంకొకటి చెబుతానని భయం.”

“ఏవండీ, ఆ పెట్టెలు పక్కకి జరపండి. మంచం మీద దుప్పటి మార్చండి. నేను వెళ్లి తీసుకొస్తా—”

“ఆగండి. ముందు మాస్టారు కిందకెళ్లి పాలు తెచ్చి, పొగలు కక్కేలా ఒక టీ పెట్టాలి. అది చల్లారే దాకా మీరూ నోరు విప్పకూడదు, నేనూ విప్పకూడదు. ఆ అమ్మాయే మాట్లాడుతుంది.”